రంగం వెళ్లినవాళ్ల లెక్క

ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్లే రోడ్డు మీద, వైరా దాటాక తల్లాడ వస్తుంది. అక్కడ చీలిన ఒక దారి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం వైపు పోతుంది. ఒకప్పుడు ఈ ప్రాంతానికి మనుషులు వచ్చేవాళ్లు. నిజాం రాజ్యంలో భూమి చవకని కృష్ణా, గుంటూరు వైపు నుంచి రైతులొచ్చారు. సింగరేణి బొగ్గు గనుల్లో పనికి కూలీలొచ్చారు. ఇప్పుడు ఇక్కడి ఇళ్లలో నడిచే చర్చంతా వెళ్లడం గురించే. పిల్లని అమెరికా పంపాలా వద్దా? అప్పెంత, జీతమెంత, ఎన్నేళ్లలో తీరుద్ది?

ఈ లెక్క తెలుగువాళ్లకి కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి 1930ల దాకా గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల ఊళ్లు ఊళ్లే ఈ లెక్క వేశాయి. అప్పటి అమెరికా బర్మా. రంగూన్‌ని మనవాళ్లు ‘రంగం’ అన్నారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్లని ‘కోరంగీలు’ అన్నారు. ఓడరేవులో బస్తాలు మోసింది, బియ్యం మిల్లుల్లో పనిచేసింది, రిక్షాలు లాగింది, వీధులూడ్చింది ఎక్కువగా వీళ్లే. 1931 జనగణన నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే.

ఎందుకు వెళ్లారు? ఊళ్లో కరువు, అప్పు, వెట్టి ఉన్నాయి. అక్కడ కూలి ఎక్కువ. కులం పేరు చెప్పి వాకిట్లోనే నిలబెట్టే ఊరి నుంచి కొంతైనా ఊపిరాడే చోటుకి పోవడమూ ఉంది. మన కథల్లో వలస అనగానే కన్నీళ్లే కనిపిస్తాయి గానీ, ఊళ్లో ఉండిపోవడానికీ ఒక ఖరీదుంది. వెళ్లినవాళ్లలో చాలామందికి ఆ ఖరీదు బాగా తెలుసు.

నష్టాల వైపు మొదటి పద్దు మేస్త్రీది. ఓడ టికెట్టుకీ ఇంట్లో ఖర్చులకీ మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ మేస్త్రీ మీద ఇంకో మేస్త్రీ, వాడి మీద కాంట్రాక్టరు. కూలి పైనుంచి కిందికి దిగేలోపు ఒక్కొక్కరూ తమ వాటా కోసుకునేవాళ్లు. ఇది కష్టమే అయినా లెక్కకి అందే కష్టం. నాలుగేళ్లు ఒళ్లొంచితే తీరుతుందనే ఆశ ఉండేది.

లెక్కకి అందనిది ఇంకోటుంది. వీళ్లు బయల్దేరినప్పుడు వేరే దేశానికే వెళ్లలేదు. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. కాకినాడలో ఓడెక్కి రంగూన్‌లో దిగితే అదే ప్రభుత్వం, అదే రూపాయి. 1937 ఏప్రిల్ 1న బర్మాని విడదీశారు. ముప్ఫై ఏళ్లుగా అక్కడే ఉన్న మనిషి, తను ఉన్నచోటు నుంచి కదలకుండానే పరదేశీ అయిపోయాడు.

గుర్తులు అంతకుముందే కనిపించాయి. 1930 మేలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే యజమానులు బర్మా వాళ్లని పనిలోకి తీసుకున్నారు. సమ్మె ముగిశాక వాళ్లని తీసేశారు. ఆ కోపం కూలీల మీదికే మళ్లింది. ఆ అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1942లో లక్షలమంది అరకాన్ కొండలు, మణిపూర్ అడవుల మీదుగా నడిచొచ్చారు. దారిలో వేలమంది పోయారు. ఉండిపోయినవాళ్లని 1964లో నె విన్ ప్రభుత్వం జాతీయకరణ పేరుతో రోడ్డున పడేసింది. సంపాదించింది అక్కడే వదిలేసి ఓడెక్కిన కుటుంబాలు విశాఖలో దిగాయి. ఆ ఊళ్లో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది.

సరిహద్దు మనిషిని దాటిపోవడం తల్లాడ వైపు వాళ్లకి విడ్డూరమేం కాదు. 2014లో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దాని చుట్టుపక్కల ఊళ్లు పక్క రాష్ట్రమయ్యాయి. అక్కడ మారింది ఆఫీసుల అడ్రసు. బర్మాలో మారింది ఉండే హక్కు.

అమెరికా బర్మా కాదు. బాంబులు, అడవి నడక ఇక్కడ పోలికకి రావు. కానీ చట్టం మారడం వస్తుంది. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ దాదాపు 7 శాతానికి మించి దక్కవు కాబట్టి మనవాళ్ల క్యూ దశాబ్దాలకి సాగింది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అంతకు ముందే చదువుకోవడానికి వెళ్లి, ఉద్యోగం మీద లెక్కేసుకున్న పిల్లల్లో ఆ ఒక్క ప్రకటన ఆందోళన రేపింది.

మేస్త్రీ అడ్వాన్సు స్థానంలో ఇప్పుడు ఎడ్యుకేషన్ లోను వచ్చింది. తేడా ఏంటంటే, రంగం వెళ్లిన కూలీకి తాకట్టు పెట్టడానికి తన ఒళ్లు తప్ప ఇంకేం లేదు. ఇప్పుడు చాలా ఇళ్లలో పొలమో ఇల్లో పెడుతున్నారు. వెళ్లడం తప్పని బర్మా చరిత్ర చెప్పదు. ఆ ఊళ్లలో ఎంతోమంది అన్నం తిన్నది రంగం డబ్బుతోనే. అది అడిగేది వేరే ప్రశ్న. జీతం, ఖర్చు, డాలరు రేటు అన్నీ రాసుకున్నాక, అప్పు తీరకముందే అక్కడి చట్టం మారితే ఈ ఇంటికి తిరిగొచ్చే దారి ఉంటుందా? ఆ పద్దు కూడా వేశాక కూడిక లాభంలోనే తేలితే, నిశ్చింతగా వెళ్లొచ్చు.