ఏడో అంశం: పడక సీను

సావనీరు కమిటీ వాళ్ళు పాత ఫొటోలు, కాగితాలు ఏమైనా ఉంటే పంపమన్నారు. మా అమ్మ ట్రంకు పెట్టె అడుగున వెతికితే నా టెన్త్ మార్కుల లిస్టుతో పాటు ఒక సైక్లోస్టైల్ కాగితం దొరికింది. 1990 ఫిబ్రవరిలో జరిగిన మన హైస్కూలు వార్షికోత్సవం కార్యక్రమాల పట్టిక అది. ప్రార్థన, స్వాగతం, నివేదిక, బహుమతులు అన్నీ వరసగా ఉన్నాయి. ఏడో అంశం దగ్గర "శ్రీకృష్ణ రాయబారం - పడక సీను" అన్న మాట మీద ఎర్ర సిరాతో అడ్డగీత. పక్కన మార్జిన్లో "డాన్సులు - 2" అని రాసి ఉంది.

ఇరవై అయిదేళ్ళుగా ఇంటర్ పిల్లలకు చరిత్ర చెబుతున్నాను. ఒక యుగం ఎప్పుడు ముగిసింది, ఇంకోటి ఎప్పుడు మొదలైంది అంటే తడుముకోకుండా తేదీ చెప్పడం మాకు అలవాటు. మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో కూడా ఈ వాదన తరచూ వస్తుంటుంది. మన ఎనభైలు ఎప్పుడు అయిపోయాయి? 'శివ' విడుదలైన 1989 అక్టోబరు 5న అని ఒకరు, మన వీధికి కేబుల్ వైరు వచ్చిన రోజున అని ఇంకొకరు, 'రోజా' పాటలు విన్నప్పుడని మరొకరు. నా జవాబు ఈ కాగితంలో ఉంది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే ఆ అడ్డగీత పడడానికి కారణం నేనే.

ఆ రోజులు ఒకసారి గుర్తు చేసుకుందాం. పొద్దున్నే విజయవాడ కేంద్రం రేడియో. శుక్రవారం రాత్రి దూరదర్శన్‌లో చిత్రలహరి. ఆదివారం పొద్దున హిందీ మహాభారతం. 1988 అక్టోబరు 2న మొదలైన ఆ సీరియల్ మనం టెన్త్ పరీక్షలు రాసేనాటికి కూడా నడుస్తూనే ఉంది. టీవీ ఉన్న నాలుగైదు ఇళ్ళలో వీధి వీధంతా కూర్చునేది. హిందీ ఎవరికీ రాదు, కానీ కథ అందరికీ తెలుసు. "ఇప్పుడు చూడు, శకుని పాచికలు వేస్తాడు" అని ముసలమ్మలు ముందే చెప్పేసేవారు. బస్టాండు పక్కన రికార్డింగ్ సెంటరు ఉండేది. తెల్లకాగితం మీద పాటల పేర్లు రాసిచ్చి, ఖాళీ కేసెట్ కొనిస్తే రెండు రోజుల్లో నింపి ఇచ్చేవాడు. అరవై నిమిషాల కేసెట్‌లో ఏ పాట పట్టిస్తామా, ఏది వదిలేస్తామా అని మనం చేసిన లెక్కలు పబ్లిక్ పరీక్షలో చేసి ఉంటే ఫస్టు క్లాసులు వచ్చేవి.

సినిమాలంటారా, 1989 ఒక్క ఏడాదిలోనే మన కళ్ళముందు చాలా జరిగిపోయాయి. వేసవిలో మణిరత్నం 'గీతాంజలి'. దసరాకి ముందు రాంగోపాల్ వర్మ 'శివ'. ఆ సినిమా తర్వాత మన స్కూలు సైకిల్ స్టాండులో చెయిన్లు పీకి చూడని మగపిల్లాడు లేడు. చిరంజీవి 'స్టేట్ రౌడీ'కి బప్పీలహిరి సంగీతం. మా బెంచీలో ఒకడి బాబాయి కువైట్ నుంచి టూ-ఇన్-వన్ తెచ్చాడు. అందులో ఆ పాటలు పెడితే కిటికీ అద్దాలు అదిరేవి. అదే ఏడాది చివర్లో ఎన్నికలు జరిగి, వెండితెర కృష్ణుడు ఎన్టీఆర్ ముఖ్యమంత్రి పదవి పోగొట్టుకున్నారు.

మన స్టేజీ మీద కృష్ణుడి సంగతి వేరు. వార్షికోత్సవంలో పడక సీను ఉండి తీరాల్సిందే. మనకంటే ముందు బ్యాచుల వాళ్ళు కూడా ఇది చెబుతారు. దుర్యోధనుడు ముందు వచ్చి తలవైపు కూర్చోవడం, అర్జునుడు వచ్చి కాళ్ళ దగ్గర నిలబడడం, కృష్ణుడు లేచి ముందుగా అర్జునుణ్ణి చూడడం. ఇరవై నిమిషాల అంశం. ఆ ఏడాది కృష్ణుడు మా బెంచీ వాడే. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయను. వాళ్ళ తాతయ్య ఒకప్పుడు ఊరి నాటక సమాజంలో అర్జునుడు కట్టినాయన. దసరా సెలవుల నుంచి ప్రతి ఆదివారం వాడు బస్సెక్కి తాతయ్య ఊరు వెళ్ళి పద్యాలు నేర్చుకునేవాడు. తిరిగొచ్చాక సోమవారం మా తెలుగు మాస్టారికి అప్పజెప్పేవాడు. రాగం ఎక్కడ లాగాలి, మాట ఎక్కడ విరవాలి, ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలి అన్నది ఆయన సరిచేసేవారు. నాలుగు నెలలకి వాడికి పదకొండు పద్యాలు వచ్చాయి.

మాకు రెండు డాన్సులు నేర్చుకోవడానికి అయిదు రోజులు పట్టింది. టూ-ఇన్-వన్ ఉంది, కేసెట్ ఉంది. తప్పు పోతే వెనక్కి తిప్పుకోవడమే. గురువుతో పనిలేదు.

అప్పటికే ఒక డాన్సు పట్టికలో ఉంది. ఇంకో రెండు కావాలని స్కూల్ లీడరుగా నేను హెడ్మాస్టారి గదికి వెళ్ళాను. ముఖ్య అతిథి తొమ్మిదింటికల్లా బందరు వెళ్ళిపోవాలి, ఉన్న టైముకి మించి ఒక్క నిమిషం కూడా కుదరదన్నారు. "ఏదైనా తీసేస్తే పెడతాను. ఏది తీయమంటావు?" అని నన్నే అడిగారు. తెలుగు మాస్టారు అక్కడే నిలబడి ఉన్నారు. నేను ఆయన వైపు చూడకుండా, "పడక సీను తీసెయ్యండి సార్. అది ఎవరికీ అర్థం కాదు సార్" అన్నాను.

హెడ్మాస్టారు ఏమీ అనలేదు. మాస్టారే బల్ల మీద పట్టిక తన వైపు లాక్కుని, జేబులో ఎర్ర పెన్ను తీసి గీత గీశారు. మార్జిన్లో రాసింది కూడా ఆయనే. గుండ్రటి ఆ అక్షరాలు మీలో చాలామంది గుర్తుపడతారు. మన కాంపోజిషన్ పుస్తకాల నిండా అవే ఉండేవి.

వార్షికోత్సవం రోజు సాయంత్రం మా కృష్ణుడి తాతయ్య బస్సు దిగి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. సీను తీసేశారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ముఖ్య అతిథి జీపు ఆలస్యమైంది. జనం అల్లరి చేస్తున్నారు. మైకుసెట్టు వాడు కరెంటు సరిచేసుకుంటున్నాడు. అప్పుడు మాస్టారు వాణ్ణి తెర ముందుకు పంపి ఒక పద్యం పాడమన్నారు. కిరీటం లేదు, యూనిఫాం మీదే. హార్మోనియం లేదు. సగంలో ఉండగా జీపు హారన్ వినిపించింది. అందరూ లేచి గేటు వైపు తిరిగారు. వాడు ఆ పద్యం పూర్తి చేశాడో లేదో నాకు తెలియదు. నేను తెర వెనక నడుముకి రిబ్బను కట్టుకుంటున్నాను.

డాన్సులకి ఈలలు పడ్డాయి. వన్స్ మోర్ అన్నారు. అది కూడా నిజమే, దాచను.

పరీక్షలకి ముందు ఒకరోజు మాస్టారు నన్ను స్టాఫ్ రూముకి పిలిచారు. తిడతారనుకున్నాను. కుర్చీ చూపించి, "పద్యనాటకం ఎన్నాళ్ళదనుకుంటున్నావురా?" అని అడిగారు. ఎప్పటిదో అన్నాను. ఆయన నవ్వారు. ఆ రోజు ఆయన చెప్పిన దాంట్లో చాలా భాగం తర్వాత నేను పుస్తకాల్లో చదివి సరిచూసుకున్నాను.

1880 ప్రాంతంలో ధార్వాడ కంపెనీ వాళ్ళు కోస్తా ఊళ్ళలో తిరిగి నాటకాలాడారు. ఆ రంగుల తెరలు, ఆ పాటలు చూశాకే మనవాళ్ళకు నాటకాల పిచ్చి పట్టింది. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు వచ్చింది ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో. ఆ ఇద్దరిలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు మన బందరు హిందూ హైస్కూల్లో పంతులుగా పనిచేసిన మనిషి. తర్వాత కంట్రాక్టు నాటకాలొచ్చాయి. పేరున్న నటులందరినీ ఒక రాత్రికి కుదిర్చి, ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణుల్ని దించేవారు. జనం కథ కోసం వచ్చేవారు కాదు. ఏ కృష్ణుడు రాగం ఎక్కువ సేపు తీస్తాడో చూడ్డానికి వచ్చేవారు. వన్స్ మోర్ అంటే చచ్చినవాడు కూడా లేచి మళ్ళీ పద్యం పాడాల్సిందే. ఇక హార్మోనియం యూరప్ నుంచి వచ్చిన పెట్టె. అది మన సంగీతానికి పనికిరాదని 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధించి, ముప్పయ్యేళ్ళ పాటు దూరంగా ఉంచింది.

"మా నాన్న హరికథలు చెప్పేవాడు. నేను నాటకాలకు పోతుంటే, ఆ పెట్టె మోతలో పడి చెడిపోతున్నావని కొట్టాడు. అప్పుడు ఆయన స్థలం నేను తీసుకున్నాను. ఇప్పుడు నా స్థలం నువ్వు తీసుకున్నావు. దానికి బాధ లేదు" అన్నారు మాస్టారు. కాసేపాగి, "కానీ నేను మా నాన్నని అర్థం కావన్లేదురా" అన్నారు.

నేను చదివిన చరిత్ర పాఠాలన్నిటిలోకి నాకు బాగా గుర్తున్నది ఇదే.

ఆ మేలో మనం సెలవుల్లో ఉండగా పెద్ద తుఫాను వచ్చింది. మే 9న కృష్ణానది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోనే తీరం దాటింది. సరిగ్గా అదే రోజు 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదలైంది. వాన తెరిపివ్వగానే నీళ్ళలో పడి హాలుకి వెళ్ళినవాళ్ళు మన బ్యాచ్‌లోనే పదిమంది ఉన్నారు. మరుసటి ఏడాది మొదట్లో గల్ఫ్ యుద్ధం. ఆ యుద్ధాన్ని టీవీలో చూశామన్న కబుర్ల వెనకే పట్టణాలకు కేబుల్ వచ్చింది. అదే 1991లో ఎన్టీఆర్ మళ్ళీ ముఖానికి రంగేసుకుని తీసిన 'బ్రహ్మర్షి విశ్వామిత్ర' ఆడలేదు. 'గ్యాంగ్ లీడర్' విరగబడి ఆడింది. 1992లో 'రోజా'తో రెహమాన్ వచ్చాడు. 1995లో జెమిని, ఈటీవీ మొదలయ్యాయి. రికార్డింగ్ సెంటరు ఎస్టీడీ బూతు అయింది, తర్వాత సెల్‌ఫోన్ల కొట్టయింది.

ఇందులో ఏ తేదీ దగ్గర గీత గీయాలి? ఎక్కడ గీసినా తప్పేనని నాకనిపిస్తుంది. ఇష్టాలు ఒక్క రోజులో మారలేదు. 1996లో ఈటీవీలో బాలసుబ్రహ్మణ్యం గారి 'పాడుతా తీయగా' మొదలైనప్పుడు, పిల్లలు ఘంటసాల పాటలు పాడుతుంటే మన ఇళ్ళలో అన్నం తినడం మానేసి చూశారు. అంటే పాతదాన్ని వినేవాళ్ళు ఎక్కడికీ పోలేదు. మరి పోయిందేమిటి? నేర్పే చోటు. పడక సీనుకి ఇరవై నిమిషాలున్నంత కాలం ఏటా ముగ్గురు పిల్లలు నాలుగు నెలల పాటు ఒక పెద్దమనిషి ముందు కూర్చునేవారు. మాస్టారు ఆ ఏడాదే రిటైరయ్యారు. ఆ తర్వాత ఇంకెప్పుడూ పట్టికలో ఆ సీను కనబడలేదని జూనియర్లు చెప్పారు. స్టేజీ మీద నిమిషాలు పోతే, వాటి వెనకున్న ఆదివారాలు కూడా పోయాయి. కేసెట్ ఆ ఆదివారాలతో పనిలేకుండా చేసింది. అందుకే గెలిచింది. సీడీలొచ్చాక ఆ కేసెట్టూ పోయింది.

మొన్న మా అబ్బాయికి 'స్టేట్ రౌడీ' పాట చూపించి, దీనికే మేం డాన్సు చేశామని చెప్పాను. వాడు నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు. నాకు మాత్రం హెడ్మాస్టారి గది గుర్తొచ్చింది.

ఈ వ్యాసం అచ్చుకిచ్చే ముందు మా కృష్ణుడికి ఫోన్ చేసి చదివి వినిపించాను. ముప్పై అయిదేళ్ళలో మేం చాలాసార్లు కలిశాం. పెళ్ళిళ్ళకి వెళ్ళాం, వాళ్ళ తాతయ్య పోయినప్పుడు కూడా వెళ్ళాను. ఈ మాట మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. ఆ సీను తీయమన్నది నేనేనని అంటే, "తెలుసురా. మాస్టారు అప్పుడే చెప్పారు" అన్నాడు. పద్యం పూర్తి చేశావా అని అడిగాను. చేశాడట. జనమంతా గేటు వైపు తిరిగినా తాతయ్య ఒక్కరే ఇటు చూస్తూ కూర్చున్నారట. ఆయన కోసం చివరి రాగం కూడా తీశాడట.

స్వర్ణోత్సవం సాయంత్రం కార్యక్రమాల పట్టిక ఇంకా ఖరారు కాలేదని కమిటీ వాళ్ళు చెప్పారు. మా బ్యాచ్‌కి ఇరవై నిమిషాలిచ్చారు. డాన్సు చేద్దామని గ్రూపులో అందరూ అంటున్నారు. నేను ఆ ఇరవై నిమిషాలూ పడక సీనుకి అడిగాను, అదీ అతిథులు రాకముందు కాదు, రాత్రి ఎనిమిదింటికి. దుర్యోధనుడు కుదిరాడు. నాకు పద్యం రాదు కాబట్టి తెర లాగుతాను, కిరీటం కూడా నేనే తెస్తాను.

కృష్ణుడు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. గొంతు పోయిందంటున్నాడు. ఆదివారం వాళ్ళింటికి వెళుతున్నాను.