పలక, పట్టి, గడి: ఆంగ్ల పట్టికాపదములును, కడపసీమ లెక్కలమాటలును

ఆంగ్లమున భోజనము వడ్డించు బల్లయు, అంకెలను వరుసలు తీర్చిన పట్టికయు 'టేబుల్' అను నొక్క మాటలోనే యొదిగియున్నవి. తెలుగున నట్లు గాదు. బల్ల వేరు, పట్టిక వేరు. బడిపిల్లవాడు వల్లించు ఎక్కము సైతము ఆంగ్లేయునకు టేబులే. మనకు ఎక్కము వేరు, దానిని వ్రాసికొను పలక వేరు. ఒక భాష యేకము చేసినదానిని మరియొక భాష విడదీయుటకు గల హేతువేమి? ఆంగ్లమునందలి పట్టికాసంబంధి పదముల పుట్టుకను, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల వాడుకతో సరిపోల్చి, యీ ప్రశ్నను విచారించుట ప్రస్తుత వ్యాసోద్దేశము.

'టేబుల్' శబ్దమునకు మూలము లాటినునందలి 'తాబులా'. చెక్కపలక యని దాని యర్థము. రోమకులు లెక్కలను, ధర్మములను పలకలపై వ్రాసిరి, క్రీ.పూ. 5వ శతాబ్దినాటి వారి తొలి ధర్మసంహిత 'ద్వాదశ ఫలకములు' అనియే ప్రసిద్ధము. వ్రాతకు ఆధారమైన వస్తువు పేరు క్రమముగా వ్రాతకే సంక్రమించినది. చిన్నపలక యను నర్థముగల 'టాబ్లెట్' మందుబిళ్ళగా మారుటయు ఈ వంశవృత్తాంతమే. మన 'పలక' సంస్కృత ఫలకశబ్దభవము. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల గనులలో పొరలుపొరలుగా విడివడి, పైదేశములలో 'కడపరాయి' యని పేరొందిన నాపరాతికిని ఈ మాట చెల్లుచున్నది. అయినను పలక మనయొద్ద పలకగానే నిలిచినది. తనపై వ్రాసిన లెక్కకు తన పేరీయలేదు.

ఆ పేరు నిచ్చినది పట్టి. సంస్కృతమున పట్టశబ్దమునకు రాతిపలక యనియు, వస్త్రఖండమనియు రెండర్థములు గలవు. పట్టిక దాని సంతానమే. ఆంగ్లమునందలి 'లిస్టు' సైతము తొలుత బట్ట యంచును, సన్నని పేలికను తెలిపి, పిదప పేర్లు వ్రాసిన కాగితపు పేలికకు, తుదకు జాబితాకు చెల్లినది. గాయమునకు కట్టునదియు పట్టియే, పాఠశాలలో చూచి పేర్లు పిలుచునదియు హాజరుపట్టియే యైన తెలుగువానికి ఈ పరిణామమును వేరుగా బోధింపనక్కరలేదు. పూర్వము లెక్కలు వ్రాసిన కడితము ఇందుకు చక్కని నిదర్శనము: బట్టకు చింతగింజల గంజియు బొగ్గుపొడియు పట్టించి, మడతలు పెట్టి, బలపముతో వ్రాసెడివారు. పలకయైన బట్ట యది. పట్టశబ్దపు రెండర్థములును అందు చేతికి తగులుచుండెడివి.

ఇక పట్టిక యవయవముల మాట. 'కాలమ్' అనగా స్తంభము. 575 ప్రాంతమున రేనాటి చోళుల కాలమున వెలసి, తొలి తెలుగు శాసనముగా గణన కెక్కిన కలమళ్ళ శాసనము ప్రొద్దుటూరికి చేరువనే యొక భగ్నస్తంభముపై నున్నది. అయినను నిలువు వరుసను స్తంభమని పిలుచుట మనకు రుచింపలేదు. కచేరీ కాగితములలో ఆంగ్లపదమే 'కాలము'గా మారి, కాలవాచకముతో కలిసిపోయినది. ప్రొద్దుటూరి నేతగానికి మాత్రము నిలువు పడుగు, అడ్డము పేక. రెండును కలిసి యేర్పడునది గడి. గళ్ళచీర యనిన నాతడు పట్టికనే నేయుచున్నాడు. పులివెందుల మెట్టరైతు అడ్డు వరుసను సాలనును. అదే ప్రొద్దుటూరి బంగారు వర్తకుడు తూకము, తరుగు, మజూరీ యని గీతలు గీసి మొత్తము కట్టునప్పుడు, పట్టిక యను పేరెత్తకయే పట్టికను వ్రాయుచున్నాడు. ఆంగ్లేయులకు వంతులజాబితా యైన 'రోస్టర్' డచ్చివారి మాంసము కాల్చు ఇనుపకమ్ముల చట్రమునుండి పుట్టినది. ఎవరి చేతిపని వారి భాషకు గీతలను గీచి యిచ్చుచున్నదని దీనివలన స్పష్టము.

గడిని తెలుపు పదములలో మాత్రము భాషలు ఆశ్చర్యకరముగా నేకీభవించినవి. 'సెల్' లాటినున చిన్నగది; 'కోష్ఠకము'నకు మూలమైన కోష్ఠము కొట్టుగది; దవాఖానాలో మనమెరిగిన ఫారసీ 'ఖానా' యిల్లు. అంకె యెచ్చటనైనను గదిలో కాపురముండవలసినదే.

ఈ గదులు కడపసీమ పల్లెలలో రైతుబ్రతుకును శాసించినవి. 1800లో నిజాము కడపసీమతో కూడిన దత్తమండలములను ఆంగ్ల కంపెనీకి విడిచిన పిమ్మట, 1807 వరకు ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో పొలము పొలమును కొలిపించి, వేర్వేరుగా శిస్తు నిర్ణయింపజేసెను. పొలమున కొక వరుస యేర్పడుటకు ఇది పునాది. 1984లో కరణీకము రద్దగువరకు, ఊరి పొలముల లెక్కపుస్తకమైన అడంగలును వ్రాసినవాడు కరణము. సర్వే నంబరు, విస్తీర్ణము, శిస్తు, పట్టాదారు, అనుభవదారు, పైరు — ఇవి యందలి నిలువు వరుసలు. పట్టశబ్ద పరివారమునకే చెందిన 'పట్టా'యే యిచ్చట హక్కుపత్రమైనది. రైతు చీనీ యని పిలుచు చెట్టు కాగితమున బత్తాయి యగును; అతని మాట గడిలోనికి ప్రవేశింపదు.

కావున 'టేబుల్' శబ్దమును తెనిగించువారు సందర్భమును గమనించుట యుచితము: ఒకే వరుసగా సాగు పేర్లకు పట్టి, నిలువడ్డముల కూర్పునకు పట్టిక, గుణకారమునకు ఎక్కము. ఆంగ్లము ఒక పలకపై మోపిన బరువును తెలుగు చేతిపనుల వెంబడి పంచుకొన్నది. ఇది లేమి గాదు; గీత యెవరి పనిలో పుట్టినదో మాటయే చెప్పుచుండుట. కాని అడంగలులో పట్టాదారునకును అనుభవదారునకును నడుమ గీచిన నిలువుగీత నేతలోనిదియు గాదు, సేద్యములోనిదియు గాదు. పొలము ఒక్కటే, గదులు రెండు. పెక్కు వ్యాజ్యములు ఆ గోడకిరువైపులనే కాపురమున్నవి.