సంత్రాగాఛి
పశ్చిమ బెంగాల్‌లోని హౌరా నగరంలో ఒక ప్రాంతం. ఆగ్నేయ రైల్వే జంక్షన్. హుగ్లీ నదికి ఇవతల హౌరా, అవతల కోల్‌కతా. దక్షిణాది రైళ్లు కొన్ని ఇక్కడే ఆగిపోతాయి కనుక తెలుగు ప్రయాణికులకు పేరు పరిచితమే. స్టేషన్ పక్కనున్న చెరువును చూసేవారు మాత్రం తక్కువ.

డిసెంబరు, జనవరి నెలల్లో ఆ చెరువులో వలస పక్షులు దిగుతాయి. ఎక్కువ భాగం ఈలబాతులే. హిమాలయాల ఆవలి నుంచి సూదితోక బాతుల వంటివీ వస్తాయి. గుర్రపుడెక్క చెరువంతా కమ్మితే వాటికి నీరు దొరకదు, మొత్తం పీకేస్తే వాలే చోటుండదు. అందుకే చలికాలానికి ముందు శుభ్రం చేస్తూ అక్కడక్కడ దిబ్బలుగా వదులుతారు.

ఇక్కడి కందకు బెంగాలీ వంటిళ్లలో ప్రత్యేక ఖ్యాతి. సమీపంలోని రామరాజాతలలో శ్రీరామనవమికి మొదలయ్యే రామపూజ శ్రావణం దాకా సాగుతుంది. మన నవమి పందిళ్లు అన్నాళ్లు నిలవవు. పక్షుల కోసమైతే చలికాలంలో, ఉదయం పూట వెళ్లడం మంచిది.