ఎర్రబస్సు కార్మికుడు సర్కారు ఉద్యోగి అయిన కథ

పల్నాడులో దుర్గి వంటి ఊళ్ళవారికి ప్రయాణమంటే ఎక్కువగా మాచర్ల డిపో బస్సే. ఆ బస్సు నడిపే డ్రైవరూ, టిక్కెట్టు కొట్టే కండక్టరూ 2020 జనవరి 1న కార్మికులు కాకుండా పోయారు. ఉద్యోగాలు పోలేదు, నడిపే రూట్లూ మారలేదు. కానీ ఆ తేదీ నుంచి వారు ఆర్టీసీ కార్మికులు కారు, ప్రజా రవాణా శాఖలోని ప్రభుత్వోద్యోగులు. రాష్ట్రమంతటా యాభై వేల పైచిలుకు మందికి ఇదే జరిగింది. దీనిని విజయమనే అందరూ చెప్పుకున్నారు. విజయమే. అయితే దాని కోసం చెల్లించిన మూల్యం గూర్చి ఎవరూ పెద్దగా మాట్లాడలేదని నాకనిపిస్తుంది. అందుకే ఈ టపా.

చరిత్రలోకి కాస్త వెనక్కి వెళదాం. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ఆరంభించింది. 1951లో అది హైదరాబాదు ప్రభుత్వ శాఖగా మారింది. 1958 జనవరి 11న, 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం క్రింద ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. శాఖగా ఉన్నది సంస్థ అయింది. అరవయ్యేళ్ళ తరువాత ఆ సంస్థ ఉద్యోగులు మళ్ళీ శాఖలోకి వెళ్ళారు. బస్సులూ, ఆస్తులూ మాత్రం సంస్థ పేరుననే మిగిలాయి.

సంస్థగా ఉన్న కాలంలో కార్మికులకు దక్కినదేమిటి? 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం వారికి వర్తించింది. ఏ యూనియన్‌కు గుర్తింపు ఉండాలో కార్మికులే రహస్య ఓటుతో తేల్చేవారు. ఎంప్లాయీస్ యూనియన్, నేషనల్ మజ్దూర్ యూనియన్‌ల మధ్య ఆ ఎన్నికలు అసెంబ్లీ ఎన్నికలంత హోరుగా సాగేవి. గెలిచినవారు యాజమాన్యం ఎదుట కూర్చుని ఒప్పందాలపై సంతకాలు చేసేవారు. జీతాలు ఒక్కటే కాదు; డ్యూటీ చార్టు, రూటుకు ఇచ్చే సమయం, నైటవుట్ భత్యం, రెండు డ్యూటీల నడుమ విశ్రాంతి, అన్నీ బేరానికి వచ్చేవి. మాట కుదరకపోతే సమ్మె నోటీసు ఇచ్చేవారు. కార్మిక శాఖ పిలిచి రాజీకి ప్రయత్నించేది.

ఇటువంటి ముఖాముఖి బేరానికి దేశంలో గట్టి వాదిగా నిలిచినవాడు మన తెలుగువాడే, వి.వి. గిరి. రైల్వే కార్మికోద్యమంలో ఎదిగిన నాయకుడాయన. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. యజమానికీ కార్మికుడికీ నడుమ తీర్పు చెప్పే మూడో మనిషి అలవాటైతే ఇరువురూ మాట్లాడుకోవడమే మరచిపోతారన్నది ఆయన వాదన. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వం సవరించినప్పుడు, 1954లో మంత్రి పదవికి రాజీనామా చేశారు. విచిత్రమేమంటే, 1974 మేలో రైల్వే సమ్మెను ప్రభుత్వం అణచివేసినప్పుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నదీ ఆయనే.

ఆర్టీసీలో గిరిగారి వాదానికి ఒక చిక్కు ఎదురయింది. బల్లకు అవతల కూర్చున్నది అసలు యజమాని కాదు. టిక్కెట్టు ధర పెంచాలన్నా, రాయితీ పాసుల సొమ్ము రావాలన్నా ప్రభుత్వమే కరుణించాలి. 2015 మే నెలలో రెండు రాష్ట్రాలలోనూ ఎనిమిది రోజులు బస్సులు నిలిచిపోయాయి. చివరకు తెలంగాణ 44 శాతం, ఆంధ్రప్రదేశ్ 43 శాతం ఫిట్‌మెంట్‌కు ఒప్పుకున్నాయి. ఒప్పుకున్నవి ప్రభుత్వాలే. యజమాని ప్రభుత్వమే అయినప్పుడు మనమూ ప్రభుత్వోద్యోగులమే కావాలి కదా అని కార్మికుడు అనుకోవడంలో తప్పేమున్నది? ఈ కోరికతోనే తెలంగాణలో 2019 అక్టోబరు 5 నుంచి 52 రోజుల సమ్మె సాగింది. విలీనం లేకుండానే వారు డ్యూటీలకు తిరిగి వచ్చారు. యూనియన్ ఎన్నికల స్థానంలో సంక్షేమ కమిటీలు వచ్చాయి. విలీనపు బిల్లును శాసనసభ 2023 ఆగస్టులో ఆమోదించింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఎన్నికల హామీగా వచ్చి, 2019 డిసెంబరులోనే చట్టమైంది.

ఇక మూల్యం సంగతి. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం ప్రభుత్వోద్యోగి సమ్మెలో పాల్గొనరాదు. తమిళనాడులో సమ్మె చేసిన లక్షలాది ఉద్యోగులను తొలగించిన వ్యవహారంలో, ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు చట్టరీత్యా గానీ నైతికంగా గానీ లేదని 2003లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇకపై జీతం ఒప్పందంలో తేలదు, వేతన సవరణ సంఘం నివేదిక మీద ప్రభుత్వం తీసుకునే నిర్ణయంలో తేలుతుంది. 2022 జనవరిలో ప్రభుత్వం 23.29 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించింది. అప్పటికే అందుతున్న 27 శాతం మధ్యంతర భృతి కన్నా అది తక్కువ. ఉద్యోగులు ఫిబ్రవరి 3న విజయవాడకు వేలాదిగా తరలివచ్చారు, సమ్మె నోటీసూ ఇచ్చారు. నిబంధన ఉన్నదని ఎవరూ ఆగలేదు. చర్చలలో ఇంటి అద్దె భత్యం వంటివి మెరుగుపడ్డాయి, 23.29 మాత్రం కదలలేదు.

భద్రత చిన్న విషయం కాదు. నష్టాల సంస్థ రేపు ఉంటుందో లేదో అన్న దిగులు తొలగడం, పదవీ విరమణ వయసు అరవైకి చేరడం, ఇవి బస్సు మీద బ్రతికే కుటుంబాలకు నిజమైన లాభాలు. కానీ లక్షలాది ఉద్యోగుల తరఫున జరిగే వేతన చర్చలో, మాచర్ల డిపో నుంచి తెల్లవారుజామున బయలుదేరే తొలి బస్సు డ్రైవరుకు ముందురాత్రి ఎన్ని గంటల నిద్ర దక్కిందన్న ప్రశ్న ఎవరు వేస్తారు? ఆ ప్రశ్న వేయడానికే ఒకప్పుడు అతడు ఓటు వేసి తన మనిషిని పంపేవాడు. సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి. విలీనం సాధించుకున్నవారే ఆ పాత బల్లను కొత్త శాఖలో మళ్ళీ వేయించుకోవలసి ఉన్నదని నా అభిప్రాయం. ఆర్టీసీలో పనిచేసిన మిత్రులెవరైనా చదివితే, డిపో స్థాయిలో వారు చూసినది వ్రాయగలరు.