ఓటు లేనివాడి మీద ఫీజు

కొత్తగా ఇల్లు కట్టేవాడి దగ్గర రోడ్డుకీ, మురుగు కాలువకీ, బడికీ ముందే డబ్బు కట్టించుకునే పద్ధతి అమెరికాలో ఇంపాక్ట్ ఫీజుగా స్థిరపడింది. ఊరు పెరిగితే ఖర్చు పెరుగుతుంది, అందుకే ఫీజు వచ్చిందని మామూలుగా చెబుతారు. కానీ ఊళ్లు పెరగడం కొత్తేమీ కాదు. ఆ ఖర్చుకు డబ్బు తెచ్చే పాత దారులకు చట్టం గొళ్లెం పెట్టిన చోట ఫీజు బలపడింది.

కాలిఫోర్నియానే చూడండి. 1978 జూన్‌లో అక్కడి ఓటర్లు ‘ప్రతిపాదన 13’ను గెలిపించారు. దాని ప్రకారం ఆస్తి పన్ను ఆ ఆస్తి విలువలో 1 శాతం దాటకూడదు. ఆస్తి చేతులు మారేదాకా ఆ విలువ ఏటా 2 శాతానికి మించి పెరగకూడదు. ప్రత్యేక పన్ను వేయాలంటే మూడింట రెండొంతుల ఓట్లు రావాలి. ఫలానా పనికని కొత్త పన్ను అడగడమే గగనమైంది. కొత్త ఇళ్ల మీద ఫీజుకు మాత్రం పాలకమండలి తీర్మానం చాలు. బడుల విషయంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1986లో రాష్ట్రం స్కూలు బోర్డులకు కొత్త ఇంటి మీద చదరపు అడుగుకు డాలరున్నర దాకా వసూలు చేసే అధికారమిచ్చింది. 1,500 చదరపు అడుగుల ఇంటికి 2,250 డాలర్లు. అదే బడి కోసం బాండ్లు జారీ చేయాలంటే అప్పట్లో మూడింట రెండొంతుల ఓటర్లు ఒప్పుకోవాల్సి వచ్చేది. ఫీజుకైతే బోర్డు సభ్యులు చేతులెత్తితే సరి. పైగా ఆ ఇల్లు కొనబోయేవాడు ఇంకా ఆ ఊరివాడే కాదు, ఓటడగాల్సిన పని లేదు.

ప్రతిపాదన 13 లేని ఫ్లోరిడాలో ఫీజు ఎలా వచ్చిందని అడగొచ్చు. అక్కడ దారి చూపింది కోర్టు. డునెడిన్ నగరం నీటి, మురుగునీటి కనెక్షన్ల మీద వేసిన ఫీజు కేసులో 1976లో రాష్ట్ర సుప్రీంకోర్టు సూత్రం ఒప్పుకుంది, కానీ ఆ డబ్బును విస్తరణకే ఖర్చుపెట్టేలా నిబంధనలో రాసి ఉండాలంది. ఎలా రాస్తే నిలుస్తుందో ఆ తీర్పు మిగతా ఊళ్లకూ నేర్పింది. ఇక టెక్సస్ విపరీతంగా పెరిగిన రాష్ట్రమే. ఎదుగుదలే కారణమైతే అక్కడ ఫీజులు విచ్చలవిడిగా ఉండాలి. కానీ 1987 నాటి చట్టం నీరు, మురుగునీరు, వాననీటి పారుదల, రోడ్ల దగ్గరే గీత గీసింది, బడులను వదిలేసింది. ఫీజులపై వేసే సలహా సంఘంలో కనీసం 40 శాతం మంది స్థిరాస్తి, నిర్మాణ రంగాల వాళ్లే ఉండాలనీ చెప్పింది. బిల్డర్ల బలం ఎంతో ఆ ఒక్క వాక్యమే చెబుతుంది.

ఫీజు చివరికి భూమి ధరలోనో ఇంటి ధరలోనో కలిసిపోతుంది, ఎవరు విధిస్తేనేం అనే ఆర్థికవేత్తలున్నారు. భారం ఎవరి మీద పడుతుందన్నది వాళ్ల ప్రశ్న, న్యాయమైనదే. ఫీజును ఎవరు ఎంచుకుంటారన్నది వేరు. ఆ ఎంపికకు హద్దు ఇంకా కదులుతూనే ఉంది: కాలిఫోర్నియాలోని ఎల్డొరాడో కౌంటీ ఒక ఇంటి పర్మిట్‌కు 23,420 డాలర్ల ట్రాఫిక్ ఫీజు అడిగితే, చట్టసభ ఖరారు చేసిన ఫీజు అయినా రాజ్యాంగ పరీక్ష తప్పదని 2024లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. హైదరాబాద్‌లోనూ ఎత్తైన భవనాలకు ఇంపాక్ట్ ఫీజు ఉంది. అయితే అది రాష్ట్ర ప్రభుత్వ జీవోతో వచ్చింది, కార్పొరేటర్ల ఓటుతో కాదు.