టింబక్టూ: ఎడారి విద్యాపీఠం, దాని పునాదులు

చేరరాని దూరానికి ఐరోపా భాషలలో టింబక్టూ ఒక సామెత అయింది. ఏ ఊరైనా దూరమా దగ్గరా అన్నది చూచేవాడు నిలిచిన చోటును బట్టి ఉంటుంది. లండనుకు, పారిసుకు టింబక్టూ లోకాంతం. సహారా ఎడారిని దాటే ఒంటెల బిడారులకు, నైజరు నదిమీద నడిచే పడవలకు అది నట్టనడి కూడలి. 1820లలో బెర్లిన్‌లో ఉపన్యసిస్తూ హెగెల్ ఆఫ్రికాను ప్రపంచ చరిత్రకు వెలుపల నిలబెట్టాడు. అదే కాలంలో టింబక్టూ ఇండ్లలో ధర్మశాస్త్రం, వ్యాకరణం, ఖగోళం, వైద్యం గురించిన రాతప్రతులు పెట్టెలనిండా ఉన్నాయి. ఈ నిరాకరణకు సమాధానంగా మరికొందరు ఆ నగరాన్ని ఒక స్వర్ణయుగంగా చిత్రిస్తున్నారు. మొదటి వాదం చరిత్రను కాదంటున్నది. రెండవ వాదం ఆ చరిత్ర ఖర్చును భరించినది ఎవరని అడగకుండా దాటిపోతున్నది. అభ్యుదయ దృష్టి గలవారికి రెండూ పనికిరావు.

నేటి మాలీ దేశంలో, నైజరు నది ఎడారిలోకి వంగే చోటికి కొద్ది మైళ్ళ ఉత్తరాన ఈ ఊరు ఉన్నది. సుమారు 1100 ప్రాంతంలో తువారెగ్ పశుపాలకుల వేసవి మకాంగా పుట్టింది. ఉత్తరాన ఎడారి గనుల నుంచి ఉప్పు పలకలు వచ్చేవి. దక్షిణాన అడవి సీమల నుంచి బంగారం వచ్చేది. ఒంటెమీది సరుకు పడవలోకి, పడవలోని సరుకు ఒంటెమీదికి మారవలసినది ఇక్కడే. 1324లో మాలీ చక్రవర్తి మాన్సా మూసా మక్కాయాత్రకు పోతూ కైరోలో పంచిన బంగారానికి అక్కడ బంగారం ధరే పడిపోయింది. తిరిగివచ్చిన తరువాత ఆయన జింగరేబర్ మసీదును కట్టించాడు. దానిని మట్టితోనే కట్టారు. గోడలలో నుంచి పొడుచుకువచ్చిన దూలాలమీద నిలబడి జనం ఏటేటా దానికి మట్టి మెత్తవలసిందే. మెత్తకపోతే వానలకు అది కరిగిపోతుంది.

సంకోరే విద్యాపీఠం పేరు ప్రపంచానికి తెలుసు. ఆ మసీదును ఒక ధనిక స్త్రీ కట్టించిందని 17వ శతాబ్దపు చరిత్ర గ్రంథం 'తారీఖ్ అల్ సూడాన్' చెబుతున్నది. అయితే మనమెరిగిన విశ్వవిద్యాలయం వంటి సంస్థ కాదది. కులపతి లేడు, పరీక్షలు లేవు, ఒకే ప్రాంగణమూ లేదు. గురువు ఇంటి వసారాలోనో మసీదు నీడలోనో పాఠం సాగేది. ఒక గ్రంథాన్ని పూర్తిగా చదివిన శిష్యునికి దానిని బోధించే అనుమతిని గురువు స్వయంగా రాసి ఇచ్చేవాడు. చదువుకు చేతివృత్తితో సంబంధం తెగలేదు. దర్జీపని నేర్పే ఇండ్లు 26 ఉండేవనీ, ఒక్కొక్క దానిలో యాభై మొదలు నూరుమంది దాకా పనివారు ఉండేవారనీ 'తారీఖ్ అల్ ఫత్తాష్' లెక్క చెబుతున్నది. 16వ శతాబ్ది తొలినాళ్ళలో ఆ ఊరు చూచిన లియో ఆఫ్రికానస్, అక్కడ తక్కిన సరుకులకన్న పుస్తకాలకే లాభం ఎక్కువని రాశాడు. పుస్తకం అంగడి సరుకు కాగలిగిందంటే చదివేవారు, నకలు రాసేవారు, కొనేవారు కలిసిన ఒక సమాజమే అక్కడ ఉన్నదని అర్థం.

అయితే ఆ పుస్తకాలు కొన్న డబ్బు ఎక్కడిది? 1352లో తఘాజా ఉప్పు గనుల మీదుగా పోయిన ఇబ్న్ బతూతా, అక్కడి ఇండ్లూ మసీదూ ఉప్పు దిమ్మెలతోనే కట్టి ఉన్నాయనీ, పైకప్పులు ఒంటెతోళ్ళనీ, గనిలో పనిచేసేవారు బానిసలేననీ రాశాడు. చెట్టు లేని, తిండి పండని ఆ చోట వారు తవ్విన ఉప్పే బంగారమయింది. ఆ బంగారమే సంకోరే పండితుని ఇంటికి కాగితమై చేరింది. బిడారులలో మనుషులు సయితం సరుకుగా నడిచారు.

ఈ వైరుధ్యం ఆ నగరపు మహాపండితుడు అహ్మద్ బాబా జీవితంలో స్పష్టంగా కనబడుతుంది. 1591లో మొరాకో సుల్తాను సేన తుపాకులతో వచ్చి తోందిబీ యుద్ధంలో సొంఘాయ్ రాజ్యాన్ని కూల్చింది. 1593లో టింబక్టూ పండితులను నిర్బంధించి, మరకేష్‌కు పట్టుకుపోయారు. తాను పోగొట్టుకున్న పుస్తకాలు 1,600 అనీ, తన బంధువులలో అందరికన్న చిన్న గ్రంథాలయం తనదేననీ అహ్మద్ బాబా చెప్పుకున్నాడు. 1608లో గాని ఆయన తిరిగి రాలేదు. బానిసత్వాన్ని గురించి 1615లో ఆయన ఒక తీర్పు రాశాడు: నల్లని చర్మం బానిసత్వానికి కారణం కానేరదు. అట్లాంటిక్ బానిస వ్యాపారం బలుస్తున్న రోజులలో అది గొప్ప మాటే. అయినా ఆయన బానిసత్వాన్నే ఖండించలేదు. ముస్లిం కానివానిని యుద్ధంలో పట్టి బానిసను చేయడం ధర్మసమ్మతమేనన్నాడు. వర్తక వర్గపు నీడలో పెరిగిన జ్ఞానం జాతిభేదాన్ని దాటగలిగింది, ఆ వర్గపు ఆస్తిని మాత్రం తాకలేకపోయింది.

పతనానికి కారణం మొరాకో తుపాకి ఒక్కటే కాదు. బంగారాన్ని అట్లాంటిక్ రేవులలోనే ఓడలకెక్కించడం అప్పటికే మొదలయింది. బిడారుమీది రాబడి తగ్గేకొద్దీ దానిమీద నిలిచిన పాఠాలూ సన్నగిల్లాయి. 1828లో మారువేషంతో చేరిన ఫ్రెంచి యాత్రికుడు రెనే కాయే బంగారు నగరాన్ని ఆశించాడు. మట్టి ఇండ్లు చూచి నిరాశపడ్డాడు. 1894లో ఫ్రెంచి సైన్యం ఊరిని ఆక్రమించింది. వలస పాలనలో పదవికి దారి ఫ్రెంచి చదువే అయింది. అరబ్బీ రాతప్రతులు కుటుంబాల పెట్టెలలో మిగిలిపోయాయి. 1960లో మాలీ స్వతంత్రమయిన తరువాత, 1973లో అహ్మద్ బాబా పేరనే అక్కడ రాతప్రతుల కేంద్రం ఏర్పడింది.

2012లో సాయుధ మతోన్మాదులు ఊరిని పట్టుకొని సంగీతాన్ని నిషేధించారు, సాధువుల సమాధులను గునపాలతో కూల్చారు. అప్పుడు గ్రంథపాలకులు, పడవవాళ్ళు, బండ్లవాళ్ళు, సామాన్య గృహస్థులు కలిసి లక్షలాది రాతప్రతులను రేకుపెట్టెలలో దాచి బమాకోకు చేరవేశారు. 2013 జనవరిలో పారిపోతూ ఆ ముఠాలు కేంద్రంలో మిగిలినవాటిలో వేలాది ప్రతులను తగులబెట్టాయి. సమాధులను 2015 నాటికి స్థానిక తాపీ మేస్త్రీలే పాత పద్ధతిలో మళ్ళీ కట్టారు. వాటిని కూల్చించిన వారిలో ఒకడైన అహ్మద్ అల్ మహదీకి 2016లో అంతర్జాతీయ నేర న్యాయస్థానం తొమ్మిదేండ్ల శిక్ష వేసింది.

కష్టం తీరలేదు. 2023 ఆగస్టులో సాయుధ ముఠాలు నగరానికి దారులు మూసివేశాయి. సెప్టెంబరులో నదిమీద ప్రయాణికుల నౌకపై దాడిచేసి పదులకొద్దీ పౌరులను చంపాయి. ఆ ఏడాది చివరికి ఐక్యరాజ్యసమితి సేనలు మాలీని విడిచిపోయాయి. 2025 ఆగస్టులో బమాకో నుంచి రాతప్రతులను తిరిగి టింబక్టూకు తరలించడం ప్రారంభమయింది. పుస్తకం ఇంటికి వచ్చింది. దానిని చదువవలసిన పిల్లవానికి బియ్యం, బడి, భయంలేని దారి కావాలి.

టింబక్టూకు రాజులు పోషణ ఇచ్చారు, వర్తకులు కాగితం ఇచ్చారు. రాజులు పోయారు, వర్తకులు దారి మార్చుకున్నారు. ఏటా మసీదు గోడకు మట్టి మెత్తిన చేతులు, ప్రతులను పెట్టెలలో మోసిన భుజాలు మాత్రం మిగిలాయి. తఘాజాలో ఉప్పు తవ్విన బానిస పేరు ఏ రాతప్రతిలోనూ లేదు. ఆ పేరు లేని మనిషికి కూడ చోటిచ్చినప్పుడే టింబక్టూ చరిత్ర పూర్తవుతుంది. ఏ విద్యాపీఠపు చరిత్రకైనా ఇదే కొలత.