సంశయ లాభం ఎవరికి?

కోర్టులో సంశయ లాభం ముద్దాయికి దక్కుతుంది. ఏ ప్రాణికి నొప్పి తెలుస్తుందన్న విచారణలో మాత్రం అది చాలాకాలం కత్తి పట్టినవాడికే దక్కింది.

జైనులు ఈ చిక్కును ఏనాడో పట్టించుకున్నారు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం ప్రాణులను ఇంద్రియాల లెక్కన వరుస పెట్టింది. చెట్టూచేమకు స్పర్శ ఒక్కటే, పురుగుకు రెండు, చీమకు మూడు, తుమ్మెదకు నాలుగు, మనిషికి అయిదు. మెట్టు దిగినకొద్దీ పట్టింపు తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. 17వ శతాబ్దపు యూరప్‌లో తత్వవేత్త డెకార్ట్ జంతువులను యంత్రాలతో పోల్చాడు. 1789లో ఆంగ్ల తత్వవేత్త బెంథామ్ బుద్ధినీ మాటనూ పక్కనపెట్టి, బాధనే కొలమానం చేశాడు. బ్రిటన్ 1876లో జంతు ప్రయోగాలకు కళ్లెం వేసింది, అదీ వెన్నెముక ఉన్నవాటి వరకే. ఆక్టోపస్‌లలో ఒక జాతికి ఆ రక్షణ 1993లో గానీ దక్కలేదు.

మనిషి బిడ్డ విషయంలోనూ సంశయ లాభం కత్తి పట్టినవాడికే దక్కింది. నెలలు నిండని పసికందులకు నొప్పి అంతగా తెలియదనీ, మత్తుమందే ప్రమాదమనీ 1980ల వరకూ చాలామంది వైద్యులు నమ్మారు. కండరాలను కదలనివ్వని మందు, కాస్త నైట్రస్ ఆక్సైడ్ ఇచ్చి గుండె దగ్గర కోత పెట్టేవారు. ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన భారతీయ వైద్యుడు కె.జె.ఎస్. ఆనంద్ బృందం కొందరు శిశువులకు అదనంగా ఫెంటానిల్ ఇచ్చి చూసింది. వాళ్లలో ఒత్తిడి హార్మోన్లు బాగా తగ్గాయి, ఆపరేషన్ తర్వాతి చిక్కులూ తగ్గాయి. 1987లో ఆ ఫలితాలు అచ్చయ్యాక పద్ధతి మారడం మొదలైంది. ఏడ్చే బిడ్డ ఎదురుగా ఉన్నా, రుజువు కావాలన్నది శాస్త్రమే.

ఇప్పుడు వంతు రొయ్యది. సామెతలో వెక్కిరింపుకు గురైన దాని మీసాలకే బెల్‌ఫాస్ట్‌లో రాబర్ట్ ఎల్‌వుడ్ బృందం ఆమ్లం రాసింది. రొయ్యలు ఆ మీసాన్నే పదేపదే తుడుచుకున్నాయి. ముందుగా తిమ్మిరిమందు పూస్తే అది తగ్గింది. వేరే జాతులపై మరో బృందం చేసిన ప్రయోగంలో ఇలాంటి స్పందన కనబడలేదు. తగువు తేలకముందే, తత్వవేత్త జొనాథన్ బర్చ్ బృందం నివేదిక ఆధారంగా బ్రిటన్ 2022 జంతు సంక్షేమ చట్టంలో పీత, రొయ్యలను చేర్చింది.

దేశంలో రొయ్యల సాగుకు ముందువరుసలో ఉన్న ఆంధ్రకు ఇది దూరపు కబురు కాదు. తల్లి రొయ్య త్వరగా గుడ్లు పెట్టాలని హేచరీల్లో దాని ఒక కంటి కాడను నొక్కో, కత్తిరించో తీసేయడం పాత పద్ధతి. గుడ్లను ఆపే హార్మోను తయారయ్యేది ఆ కాడలోనే. మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మనిషి కాని ప్రతి ప్రాణినీ జంతువుగానే లెక్కించింది, అంటే రొయ్యా అందులోకి వస్తుంది. పైగా కంటి కాడ తీయని తల్లుల పిల్లలు కొన్ని రోగాలను మెరుగ్గా తట్టుకున్నాయని స్టిర్లింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు కూడా.

ఈ కోత మానేశాక, రొయ్యకు నొప్పి లేదని రేపు తేలితే హేచరీకి పోయేది కొన్ని గుడ్లు, కొన్ని రోజులు. మానకుండా ఉండి, నొప్పి ఉందని తేలితే జరిగిపోయినదానికి దిద్దుబాటు లేదు. అందుకే రుజువు భారం కత్తి పట్టినవాడి మీదే ఉండాలి.